ఎలపట, దాపట, మధ్యలో స్వరూప

తార్నాక చౌరస్తాలో నిలబడి ‘డాక్టరు గారూ’ అని పిలిస్తే సిగ్నల్ దగ్గర సగం బండ్లు ఆగిపోతాయి. అందులో వైద్యం చేసేవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు, మిగతావాళ్ళంతా పీహెచ్‌డీలు. వాళ్ళ థీసిస్‌లకు అట్టలు వేసి, వెన్ను మీద బంగారు అక్షరాలు కొట్టి పంపేది నేను. క్యాంపస్‌లో నా చదువు మధ్యలో ఆగిపోయిన మాట నిజమే కానీ, భౌతికశాస్త్రం మొదలు బతుకమ్మ పాటల దాకా నా షాపులో నలగని శాస్త్రం లేదు. ఒకసారి ఒక థీసిస్‌ను ఎంత గట్టిగా బిగించానంటే, పరీక్ష చేయడానికి వచ్చిన పెద్దమనిషి దాన్ని తెరవలేక, తెరవకుండానే బాగుందని రాసి వెళ్ళాడు. అప్పటి నుంచి అందరూ నన్ను డాక్టర్ కుమార్ అంటారు. వెక్కిరింతకే అంటారు. నేను మాత్రం పలుకుతాను.

స్వరూపకు ఆ పిలుపు వెక్కిరింతకు కూడా దక్కలేదు. ఆమె ప్రాజెక్ట్ అసిస్టెంట్. క్యాంపస్‌లో మెదడు బొమ్మల మీద పరిశోధన చేసే ల్యాబ్ ఒకటుంది. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద అక్కడ పని చేసేది. చేసే పని మెదడుకు మాస్క్ గీయడం. కరోనాకు కట్టుకున్న మాస్క్ లాంటిది కాదు. ఎమ్మారై తీసిన మెదడు కంప్యూటర్‌లో బ్రెడ్డు ముక్కల్లాగా పొరలు పొరలుగా కనిపిస్తుంది. అందులో మనకు కావలసిన జాగా ఎక్కడో కాస్త ఉంటుంది. ప్రతి పొరలోనూ దాని అంచు పట్టుకుని గీత గీసి, లోపల రంగు నింపాలి. రంగు పడినంత మేరే లెక్కలోకి వస్తుంది, మిగతా మెదడంతా ముసుగు కిందికి పోయినట్టే. పొరలన్నీ కలిపితే ఆ జాగా నిండుగా ఉందో ఎండిపోయిందో తేలుతుంది.

స్వరూప గీసే దాని పేరు హిప్పోకాంపస్. రెండు చెవుల లోపలి దిక్కు, అటొకటి ఇటొకటి, చిటికెన వేలంత ఉంటుంది. జ్ఞాపకాలకు అది గాదె లాంటిది. ఫిట్స్ వచ్చేవాళ్ళలో కొందరికి ఆ రెండింటిలో ఒకటి ఎండిపోతుంది. ఏ పక్కది ఎండిందో రూఢిగా తెలిస్తే, ఆ పక్క ఆపరేషన్ చేసి ఫిట్స్ ఆపే దారి ఉంది. కొందరి విషయంలో తేడా ఎంత సన్నగా ఉంటుందంటే, ఆసుపత్రి డాక్టర్లు కంటితో చూసి రెండూ సమానమే అనేస్తారు. అప్పుడు ఈ ల్యాబ్‌కు పంపిస్తారు. స్వరూప గీసి కొలిస్తే ఆ కొలతల కాగితం మళ్ళీ ఆసుపత్రికి పోతుంది.

“గిదంతా కంప్యూటరే గీస్తది గదా, నువ్వెందుకు?” అని ఒకసారి ఆటపట్టించాను.

“గీస్తది కుమారన్నా. గట్టు తొక్కుతది,” అంది.

హిప్పోకాంపస్‌ను ఆనుకుని బాదం గింజ లాంటి భాగం ఇంకొకటి ఉంటుందట. రెండూ ఒకే బూడిద రంగు. ఎక్కడ ఇది ఆగి అది మొదలవుతుందో కంప్యూటర్‌కు అంతు చిక్కదు. స్వరూపకు చిక్కుతుంది. ఎందుకు చిక్కదు? ఆమె నాన్న ఇన్నయ్యది జనగామ దిక్కు. కాస్త చెలక, ఒక జత ఎద్దులు. పక్క చెలక ఆసామి దున్నినప్పుడల్లా గట్టును ఒక చాలు ఇవతలికి జరిపేవాడు. ఇన్నయ్య పంచాయితీ పెట్టేవాడు. పెద్దమనుషులు కల్లు తాగి, ‘ఈసారికి పోనీ, మళ్ళీ ఎనకకు జరుగుతది’ అని లేచిపోయేవారు. జరిగిన గట్టు ఎప్పుడూ వెనక్కి రాలేదు. విసిగిపోయి ఎద్దులను అమ్ముకుని, బౌద్ధనగర్‌లో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా వచ్చేశాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి గట్టు మీద కాపలా కూర్చున్న పిల్ల, పెద్దయ్యాక మెదడులో గట్టు జరగనిస్తుందా? ఆమె గీసిన గీత ఎంత సన్నగా ఉంటుందంటే, ఒకసారి ఈగ వాలి దాని మీద నడవలేక జారిపడిందని నేను క్యాంపస్ అంతా చెప్పాను. కొందరు నమ్మారు కూడా.

ఇక ఎద్దుల సంగతి. అసలు చిక్కంతా ఎద్దులతోనే వచ్చింది.

మెదడు బొమ్మలో కుడి ఎడమలు చెప్పడం అంత సులువు కాదు. ఒక సాఫ్ట్‌వేర్, రోగికి ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు చూపిస్తుంది. ఇంకోటి వెనక నిలబడి చూస్తున్నట్టు చూపిస్తుంది. ఎదురుగా చూస్తే అతని కుడి మనకు ఎడమ. అందుకని ల్యాబ్‌లో ఎవరైనా ‘లెఫ్ట్’ అంటే, తెర మీద లెఫ్టా, మనిషి లెఫ్టా అని తగాదా వచ్చేది. దానికి స్వరూప ఒక ఉపాయం కనిపెట్టింది. నాగలి కట్టినప్పుడు కుడి పక్క ఎద్దు ఎలపటిది, ఎడమ పక్క ఎద్దు దాపటిది. ముందు నుంచి చూడు, వెనక నుంచి చూడు, గట్టు మీద నుంచి చూడు, ఎలపటి ఎద్దు ఎలపటిదే. అందుకే కుడి పక్క మాస్క్ ఫైలుకు ఇంగ్లిషులో E అని, ఎడమ దానికి D అని పేర్లు పెట్టింది. దీనికి ఇంకో కొండగుర్తు కూడా దొరికింది. స్కాన్‌కు పంపే ముందు రోగి కుడి కణత మీద విటమిన్ ఇ గోలీ ఒకటి ప్లాస్టరుతో అంటిస్తారు. నూనె గోలీ కాబట్టి బొమ్మలో తెల్లగా మెరిసి, ఇది కుడి పక్క అని చెబుతుంది. ఆ గోలీ అంటించేది కూడా స్వరూపే. ఇ గోలీ, ఎలపట, E. ల్యాబ్ మీటింగ్‌లో ఇదంతా చెప్పి, అందరూ నవ్వితే తనూ నవ్వి, నా షాపుకు వచ్చి నాకు కూడా చెప్పింది. ఆ రోజు ఆమె మొహంలో కనిపించిన వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

ఆ మీటింగ్‌కు రానిది భార్గవి ఒక్కతే. ఆ మాస్క్‌ల మీద పీహెచ్‌డీ చేస్తున్నది ఆమె. కర్నూలు అమ్మాయి, నాన్న తెలుగు పండితుడు. స్వరూప గీసిన మాస్క్‌లు తీసుకుని, కొలతలు వేసి, ఆసుపత్రికి కాగితాలు పంపేది, పేపర్లు రాసేది కూడా భార్గవే. ఆమె థీసిస్‌లో పెద్ద సంగతి ఒకటి తేలింది. మాటలను గుర్తుపెట్టుకునే శక్తి తగ్గినవాళ్ళలో ఎడమ పక్కది ఎండి ఉంటుందని లోకంలో అందరూ అంటారట. భార్గవి లెక్కల్లో మాత్రం కుడి పక్కది ఎండినట్టు వచ్చింది. మన మనుషుల మెదడే వేరు అని ఆమె ఒక పేపర్ రాస్తే, బయటి దేశం పత్రిక ఒకటి అచ్చుకు తీసుకుంది. ల్యాబ్ పెద్ద గంగాధర్ సార్ అందరికీ మిఠాయిలు పంచాడు. లోకమంతా ఎడమంటే తార్నాక ఒక్కటే కుడి అందని నేనూ చౌరస్తాలో గర్వంగా చెప్పుకున్నాను.

థీసిస్ బైండింగ్ నాకే వచ్చింది. సోమవారం యూనివర్సిటీలో ఇచ్చేయాలి. అంతకు ముందు వారం, మంచి ఎండ పూట, పేజీల్లో బొమ్మలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడమని భార్గవి స్వరూపను నా దగ్గరికి పంపింది. ప్రింటర్ లోంచి కాగితాలు వేడివేడిగా వస్తున్నాయి. స్వరూప ఒక్కో పేజీ తిప్పుతోంది. అప్పుడు ఒక కుర్రవాడు లావుపాటి ఆసుపత్రి ఫైలు పట్టుకుని జిరాక్స్ కోసం వచ్చాడు. సన్నగా, ఒక పన్ను విరిగి, నవ్వుమొహంతో ఉన్నాడు.

“అక్కా, గుర్తు పట్టినవా? నాకు గోలీ అంటించినవు,” అన్నాడు స్వరూపను చూసి.

“దిలీప్ గదా. లాలాగూడ. మంచిగున్నవా? ఆపరేషన్ అయిందా?”

“ఏడ అయితదక్కా. కాదన్నరు.”

“కాదనుడేంది?”

దిలీప్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను టీ తెప్పించాను. ఇద్దరి మాటల్లోంచి అతని సంగతి నాకు తెలిసింది. చిన్నప్పటి నుంచి ఫిట్స్. సీతాఫల్‌మండి స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద పడి పన్ను విరిగింది. ఇంకో రెండడుగులు అటు పడితే పట్టాల మీదే. సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకున్నాడు కానీ, చేతిలో వేడి సోల్డరింగ్ కడ్డీతో ఎప్పుడు పడిపోతాడోనని ఎవరూ పనిలో పెట్టుకోరు. ఈ ఆపరేషన్ ఒక్కటే అతనికి మిగిలిన దారి.

“తలకాయ నిండ వైర్లు పెట్టి చూసిన్రు గదక్కా. అందుల ఫిట్స్ ఎడమ దిక్కు నుంచి వస్తున్నయని వచ్చింది. మీ కాడి నుంచి పోయిన కాయితంల కుడి దిక్కు ఎండిందని ఉన్నదట. రెండు మ్యాచ్ అయితలేవు, గిట్లుంటే కత్తి పెట్టం అన్నరు. గురువారం డాక్టర్లందరు కూసుంటరట. అదే ఆఖరు, ఆనాడు ఫైలు మూసేస్తరు. గందుకే ఇంకో దవాఖాన్ల చూపిద్దామని అమ్మ జిరాక్సుకు తోలింది.” తల మీద రెండు వైపులా తట్టుకుని నవ్వాడు. “నా మెదడుల రెండు పార్టీలున్నయన్నా. ఒకటి లెఫ్ట్, ఒకటి రైట్. పొత్తు కుదుర్తలేదు.”

నేను నవ్వాను. స్వరూప నవ్వలేదు.

“నీది దాపటిది గదా,” అంది.

“ఏంది?”

“ఎండింది నీది దాపటిది. ఎడమది. నేనే గీసిన. ఎండిన చిక్కుడుకాయ లెక్కుండె.”

దిలీప్ నా వంక చూశాడు. స్వరూప అప్పటికే చేతిలోని పేజీలు గబగబా తిప్పుతోంది. థీసిస్‌లో రోగుల పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. ఎవరి నంబరు ఏదో ఆమెకు కంఠతా వచ్చు. దిలీప్ నంబరు ఉన్న వరుస దొరికింది. దానికి ఎదురుగా, ఎండింది కుడి పక్కది అని ఉంది. పై వరుస చూసింది, కింది వరుస చూసింది. ఒక్కో మెదడునూ ఆమె వారాల తరబడి గీసింది. ఏది ఎవరిదో, ఎవరిది ఎలా ఉంటుందో మొహాల్లాగా గుర్తు. ప్రతి వరుసలోనూ కుడి ఎడమలు తారుమారై ఉన్నాయి.

“అన్నా, మిషన్ బందు చెయ్యి,” అంది.

దిలీప్‌ను ఇంటికి పంపి, షాపు షట్టర్ దించి, స్వరూపను స్కూటర్ ఎక్కించుకున్నాను. తార్నాక నుంచి ల్యాబ్‌కు ఎంత వేగంగా పోయామంటే, దారిలో ఒక అంబులెన్స్ పక్కకు జరిగి మాకు దారిచ్చింది. నా భుజం మీద స్వరూప వేళ్ళు ఏదో గీస్తున్నట్టు కదులుతూనే ఉన్నాయి.

భార్గవి ల్యాబ్ పక్క గదిలో పెరుగన్నం తింటోంది.

“అక్కా, ఫైళ్ళ మీద E అంటే ఏమనుకున్నవు?” అంది స్వరూప.

“ఎడమ. ఏమిటికి?”

“మరి D?”

“దక్షిణం. కుడి. ఏమైంది, ఇట్ల అడుగుతాండావు?”

స్వరూప గోడకు ఆనుకుంది. “E అంటే ఎలపట అక్కా. D అంటే దాపట.”

“అట్లంటే?”

“ఎలపటి ఎద్దు కుడిది. దాపటి ఎద్దు ఎడమది.”

“ఎద్దులేంది స్వరూపా, యాడివీ ఎద్దులు?”

చెప్పింది. నాగలి, ఎద్దులు, గోలీ, మీటింగ్, అన్నీ చెప్పింది. వింటుంటే భార్గవి చేతిలోని చెంచా మెల్లగా డబ్బాలోకి దిగిపోయింది. తెలుగు పండితుడి కూతురు కదా, కుడికి దక్షిణం అని ఇంట్లో వింటూ పెరిగింది. E చూడగానే ఎడమ అనుకుంది, D చూడగానే దక్షిణం అనుకుంది. రెండూ అంత చక్కగా కుదిరాక ఇంకెవరినైనా ఎందుకు అడుగుతుంది? స్వరూప మాత్రం ఎందుకు అనుమానపడుతుంది? ఎద్దుల పేర్లు తెలియని మనిషి ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“నాకెవురు చెప్పినారు?”

“మీటింగుల చెప్పిన.”

“ఆ దినం నేను కర్నూల్లో ఉన్నా.” భార్గవి మూత పెట్టి, డబ్బా పక్కకు జరిపింది. తర్వాత తల ఎత్తి ఇంకో మాట అంది. “నువ్వు కుడి అనుకుంటున్నది కుడే అని నీకు గట్టిగా తెల్సునా? గోలీ అంటించేటప్పుడు మనిషికి ఎదురుగా నిలబడతావు. వాళ్ళ కుడి నీకు ఎడమ. నువ్వే అటుది ఇటు అంటించి ఉంటే, నా లెక్కే సరి కదా?”

ఈ మాట భార్గవి కుట్రతో అనలేదు. మునిగిపోయేవాళ్ళు ఏది దొరికితే అది పట్టుకుంటారు. కానీ అది పోయి స్వరూపకు తగిలింది. రెండు చేతులూ ముందుకు చాచి, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు, ఆ గాలిలోని మనిషి కణత మీద గోలీ అంటించి చూసుకుంది. ఒకసారి కుడి చేత్తో, ఒకసారి ఎడమ చేత్తో.

“నాకు యాది వస్తలేదు,” అంది.

ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని దిలీప్ బొమ్మ తెరిచింది. పొరలు ఒక్కొక్కటీ కిందికి దింపుకుంటూ పోయింది. గోలీ ఉన్న వైపే, చెవి వెనక చర్మం కింద, శనగ గింజంత గడ్డ ఒకటి కనబడింది. వేలితో తెర మీద చూపించి ఫోన్ తీసింది. స్పీకర్లో పెట్టింది.

“దిలీప్, నీకు చెవి ఎనక గడ్డ ఉన్నదా?”

“ఉన్నదక్కా. చిన్నప్పటి నుంచి ఉన్నది. అది కూడ కోస్తరా ఏంది?”

“ఏ చెవి ఎనక?”

“గీ చెవి.”

“గీ చెవి అంటే నాకెట్ల కనపడ్తది? కుడా ఎడమా అని అడిగితే నువ్వు పరేషాన్ అయితవు. అన్నం తినే చెయ్యి దిక్కా, కాదా?”

అటు పక్క చెవి తడుముకుంటున్నాడు కాబోలు.

“తినే చెయ్యి దిక్కే.”

స్వరూప ఫోన్ పెట్టేసింది. తినే చేయి కుడి, గడ్డ కుడి, గోలీ కుడి. గోలీకి అవతలి పక్క, ఎండిన చిక్కుడుకాయ. భార్గవి ఆ తెర వంక చాలాసేపు చూసి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. మన మనుషుల మెదడు వేరు కాదు. అందరి లాంటిదే. అయిదేళ్ళు కష్టపడి కనిపెట్టిన కొత్త సంగతి, రెండు ఇంగ్లిషు అక్షరాలు తిరగేసి చదవడం వల్ల పుట్టింది.

గంగాధర్ సార్ గది దగ్గరికి ముగ్గురమూ వెళ్ళాం. నన్ను బయట ఉండమన్నారు కానీ తలుపు వేయలేదు. సార్ అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మా నాయన కూడా ఎలపల, దాపల అనేవాడు,” అన్నాడు. “నువ్వు మీటింగులో చెప్పినప్పుడు నాకు అర్థమయింది. అందరికీ అర్థమయిందనుకున్నా.”

“ఇప్పుడేం చేద్దాం సార్?” అంది స్వరూప.

“సోమవారం భార్గవి సబ్మిషన్ అయిపోనీ. పేపర్ వాళ్ళతో మాట్లాడాల. అన్నీ చూసుకుని, పద్ధతి ప్రకారం ఆసుపత్రికి కూడా సవరణ పంపుదాము.”

“గీ గురువారమే దిలీప్ ఫైలు మూస్తరు సార్.”

“మూసిన ఫైలు మళ్ళీ తెరుస్తారులే.”

“జరిగిన గట్టు మల్ల ఎనకకు వస్తదని మా ఊర్ల పెద్దమనుషులు గూడ అన్నరు సార్.”

ఆమె అంత మాట అనగలదని నాకు తెలియదు. సార్‌కూ తెలియదనుకుంటాను.

“సవరణ ఇప్పుడే పంపితే నాకు మిగిలేదేమి?” అంది భార్గవి. ఎవరినీ చూడకుండా అంది. “కాగితం మీద సంతకం నాది. పేపర్ మీద పేరు నాది. నేనే తప్పు చదివినానని రాసిచ్చి, రేపు యాడికి పోయి ఉద్యోగం అడగాల?”

దానికి సార్ ఒక దారి చెప్పాడు. సవరణ ఆ పూటే ఆసుపత్రికి పోతుంది, కానీ అందులో మాట ఇలా ఉంటుంది: ఫైళ్ళకు పేర్లు పెట్టడంలో ప్రాజెక్ట్ అసిస్టెంట్ చేసిన పొరపాటు వల్ల కుడి ఎడమలు తారుమారయ్యాయి. భార్గవి సంతకం పెట్టింది. కింద స్వరూప కూడా పెట్టింది. పెన్ను మూత పెట్టి, ప్రింటు సరిగ్గా పడిందో లేదో మళ్ళీ ఒకసారి చదివి చూసింది, దిలీప్ పేరు పక్కన ఎడమ అని ఉందా లేదా అని.

బయటికి వచ్చాక నేను ఊరుకోలేదు. “నీ తప్పేమున్నది? ఆమెకు చదువుడు రాకపోతే అడగాలె. సంతకం ఎందుకు పెట్టినవు? నీ గట్టు కూడ జరిపిన్రు పో.”

“జరపనీ అన్నా. నేను గట్టు మీద కూసుంటె ఆడ గురువారం అయిపోతది.”

గురువారం డాక్టర్లు ఫైలు మూయలేదు. వైర్లూ కొలతలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి ఆపరేషన్ చేస్తామన్నారు. జూన్‌లో స్వరూప కాంట్రాక్టు పొడిగించలేదు. నిధులు లేవన్నారు. భార్గవి పేపర్‌ను వెనక్కి తీసుకుంది, థీసిస్ మళ్ళీ రాస్తోంది. అచ్చయి ఆగిపోయిన ఆ పేజీలు నా షాపులో ఒక మూల కట్ట కట్టి ఉన్నాయి, పారేయడానికి మనసు రాదు. ఒకసారి దేనికో వచ్చినప్పుడు భార్గవి ఆ కట్టను చూసి, “ఆమె యాడ చేస్తాంది ఇప్పుడు?” అని అడిగింది. నా దగ్గరే కూర్చుని పిల్లల ప్రాజెక్టులు టైపు చేస్తోందని చెప్పాను. ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయింది.

టైపు బాగానే చేస్తుంది స్వరూప. కానీ ఆమెకు కుడి ఎడమలు పోయాయి. ఆటో అతను ఏ పక్క తిరగాలని అడిగితే, అన్నం కలుపుతున్నట్టు వేళ్ళు ఆడించుకుని చూసుకుని అప్పుడు చెబుతుంది. ఒకరోజు చెప్పులు తారుమారుగా వేసుకుని బౌద్ధనగర్ నుంచి నడిచి వచ్చింది. ఇన్నయ్య నాకు ఫోన్ చేసి, “ఏమైంది కుమార్ మా పిల్లకు? కూరల ఉప్పు ఏసిందో లేదో కూడ నన్నే అడుగుతున్నది,” అన్నాడు. వాళ్ళమ్మ అమృతమ్మ దిష్టి తీసింది. నాకు తెలిసిన జోకులన్నీ నేను చెప్పాను. ఏదీ పేలలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున, ముసురు పట్టి ఉంది. షాపు అప్పుడే తెరిచాం. దిలీప్ తన ఫొటో పంపించాడు. ఒక పక్క గుండు గీసి ఉంది. చెవి వెనక నీలి రంగు మార్కర్‌తో బాణం గుర్తు వేశారు. అతను పళ్ళు చూపిస్తున్నాడు, విరిగిన దానితో సహా. ఫొటోలో బాణం కుడి చెవి వెనక ఉంది.

స్వరూప చేతిలోంచి ఫోన్ జారబోతే నేను పట్టుకున్నాను. “సెల్ఫీ ఉల్టా వస్తది. అద్దం లెక్క,” అన్నాను. వినిపించుకోలేదు. ఫోన్ లాక్కుని దిలీప్‌కు కలిపింది.

“బాణం గుర్తు ఏ చెవి ఎనక ఉన్నది? చెయ్యి పెట్టి చూసి చెప్పు. తినే చెయ్యి దిక్కా?”

“కాదక్కా,” అన్నాడు దిలీప్. వెనక ట్రాలీ చక్రాల చప్పుడు వినిపిస్తోంది. “కడుక్కునే చెయ్యి దిక్కు.”

పక్కన ఎవరో నర్సు కసురుకుంది. ఫోన్ ఆగిపోయింది. ఇంత పొద్దున్నే ఇలాంటి జోకు వేయగలిగినవాడికి ఏమీ కాదులే అన్నాను నేను, నవ్వుతూ. స్వరూప నవ్వలేదు. తన రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి చూసుకుంటోంది.

“అన్నా, దిలీప్‌ది పుర్రచెయ్యి కాదు గదా?”

నా నవ్వు ఆగిపోయింది. ఎడమ చేతి వాటం ఉన్న మనిషి అయితే తినే చేయి ఏది, కడుక్కునే చేయి ఏది? ఆనాడు ల్యాబ్‌లో మేం నమ్మింది ఆ ఒక్క మాటనే.

“మన షాపుల చాయ్ తాగిండు గదా. ఏ చేత్తో పట్టుకున్నడు?” అంది.

ఇరవై ఏళ్ళ కింద బైండు చేసిన థీసిస్ అట్ట రంగు అడగండి, చెబుతాను. ఎవరు ఏ పేజీలో తప్పు రాశారో చెబుతాను. ఆ టీ గ్లాసు ఏ చేతిలో ఉందో, ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు.

ఆసుపత్రికి మేం పోయేసరికి దిలీప్‌ను లోపలికి తీసుకుపోయారు. వరండాలో అతని అమ్మ బుచ్చవ్వ ఒక్కతే, ప్లాస్టిక్ సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. స్వరూప తడిసిన చెప్పులతోనే పోయి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

“అవ్వా, దిలీప్ ఏ చేత్తో తింటడు?”

బుచ్చవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. డాక్టరమ్మ అనుకుందో ఏమో, తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. “చిన్నప్పుడు పుర్రచెయ్యే ఉండె బిడ్డా. పెండ్లిల బంతిల కూసుండి గా చేత్తో తింటుంటే నలుగురు నవ్విన్రు. ఏలు మీద కొట్టి, కొట్టి మాన్పిచ్చిన. అందుకే గిట్లయిందా?”

“కాదవ్వా, అందుకు కాదు. ఇప్పుడు ఏ చేత్తో తింటడు?”

“కుడితోనే తింటడు. అన్ని కుడితోనే చేస్తడు. కోపమొస్తే మటుకు దాపటి చెయ్యే లేస్తది.”

స్వరూప తల ఎత్తింది. “ఏ చెయ్యి?”

“గీ దాపటి చెయ్యి,” అని బుచ్చవ్వ తన ఎడమ చేయి పైకెత్తి చూపించింది.

స్వరూప ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఇంకేమీ అడగలేదు. లేచి బెంచీ మీద బుచ్చవ్వ పక్కన కూర్చుంది. చేయి మాత్రం వదలలేదు. ఆపరేషన్ గది తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.